గైవాన్ ముందు ఎరుకగా: పాఠకుల ప్రశ్నలు

చైనా సంప్రదాయ పద్ధతిలో తేనీరు తయారుచేసుకుంటూ మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఎరుక, సాధన చేయడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: కళ్లు మూసుకుని శ్వాసను గమనించమంటే రెండు నిమిషాలు కూడా కూర్చోలేకపోతున్నాను. చైనా పద్ధతిలో టీ తాగడం నాలాంటివాళ్లకు నప్పుతుందా? ఏమేం కొనుక్కోవాలి?

జవాబు: నప్పుతుంది. ఆ పద్ధతిని గొంగ్‌ఫూ చా అంటారు. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని చావ్‌జౌ ప్రాంతం, దాన్ని ఆనుకుని ఉన్న దక్షిణ ఫూజియాన్ దీనికి పుట్టిల్లు. ఆకు ఎక్కువ, నీళ్లు తక్కువ, నానబెట్టేది కొద్ది సెకన్లే, అదే ఆకుతో ఆరేడు విడతలు. ఊరికే కూర్చోలేని మనసుకు ఇందులో చేతినిండా పని దొరుకుతుంది. ఆ పనిలో పరాకు పడితే నాలుకకు వెంటనే తెలిసిపోతుంది. పది సెకన్లు ఆలస్యమైతే చాలు, తేనీరు వగరెక్కుతుంది. అయినా ఆ విడత పోతే పోయింది, నిమిషం తిరగకుండా ఇంకో విడత మొదలుపెట్టవచ్చు. ధ్యాస తప్పడం, తప్పిందని తెలుసుకోవడం, తిరిగి రావడం అన్నదే కదా సాధన!

సామాను విషయంలో తొందరపడకండి. 100 నుంచి 120 మిల్లీలీటర్లు పట్టే పింగాణీ గైవాన్ ఒకటి కావాలి. మూత, గిన్నె, సాసర్ మూడూ కలిపితే గైవాన్. దానితోపాటు తేనీరు వంచుకోవడానికి అదే పరిమాణంలో ఒక చిన్న గాజు జగ్గు, 30–40 మిల్లీలీటర్ల కప్పులు రెండు, కెటిల్, పారబోసే నీళ్లకు ఒక గిన్నె, తుడుచుకునే గుడ్డ, గ్రాములు చూపించే చిన్న కాటా ఉంటే చాలు. జాంగ్సూ ప్రాంతపు యీషింగ్ మట్టి టీ కుండీలకు (టీపాట్లకు) ఎంతో పేరుంది, ఆ పేరుకు తగినవే కూడా. కానీ మొదట్లో వద్దు. ఆ మట్టి వాసనను పట్టుకుంటుంది కాబట్టి ఒక్కో కుండీని ఒక్కో రకం టీకే కేటాయించాలి. లోపల ఆకు ఎలా ఉందో కూడా కనిపించదు. పింగాణీకి తనదంటూ రుచి లేదు, ఆకులో ఏముందో అదే చూపిస్తుంది.

ప్రశ్న: ఒక్కో మెట్టు వివరంగా చెప్పండి. ఏ మెట్టులో మనసు ఎక్కడ పెట్టాలి?

జవాబు: తియెగ్వాన్‌యిన్ లాంటి ఉండలు చుట్టిన ఊలాంగ్‌తో (గ్రీన్ టీకీ, బ్లాక్ టీకీ మధ్య రకం) మొదలుపెట్టండి. చిన్న చిన్న పొరపాట్లను ఓర్చుకునే ఆకు అది. 100 మిల్లీలీటర్ల గైవాన్‌కు 5 గ్రాములు. అడుగున పలచగా పరుచుకున్నట్టు కనిపిస్తే కొంచెమే అనుకుని ఇంకా వేయకండి. నాలుగో విడతకల్లా అది విచ్చుకుని గిన్నె నిండిపోతుంది.

ఒక్కో మెట్టుకు ఒక్క ఇంద్రియాన్నే అప్పగించడం మేలు. అన్నిటినీ ఒకేసారి గమనించబోతే ఏదీ నిలవదు. కెటిల్ దగ్గర చెవి పెట్టండి. నీళ్లు మరగబోయే ముందు రొద బాగా పెరుగుతుంది, తెర్లే వేళకు ఆ రొద తగ్గి శబ్దం మెత్తబడుతుంది. ఆ మార్పును పట్టుకోవడమే మొదటి పని.

మరిగిన నీళ్లు ఖాళీ గైవాన్‌లో పోసి, అక్కడి నుంచి జగ్గులోకి, కప్పుల్లోకి వంచి, పారబోయండి. పాత్రలు చల్లగా ఉంటే నీటి వేడిని లాగేసుకుంటాయి, ఉండలు సరిగా విచ్చుకోవు. వేడెక్కిన గైవాన్‌లో ఆకు వేసి, మూతపెట్టి, రెండు శ్వాసల సేపు ఆగి మూత తీయండి. ఇప్పుడు ముక్కు వంతు. పొడి ఆకు వాసనకు పేరు పెట్టబోకండి. పువ్వులా, పండులా అని వెతకడం మొదలైతే వాసన పక్కకు పోయి ఆలోచన ముందుకొస్తుంది.

నీళ్లు పోసి, పైకి తేలిన నురగను మూత అంచుతో పక్కకు తీసి, 5 సెకన్లలో వంచేయండి. ఇది కడుగుడు, తాగరు. ఉండల ఊలాంగ్‌కూ, గట్టిగా అచ్చుకొట్టిన పూఅర్ అనే పులియబెట్టిన టీకీ ఇది అవసరం. గ్రీన్ టీలకు వద్దు. మొదటి విడత 15 సెకన్లు. రెండోదానికి ఆకు అప్పటికే విచ్చుకుని ఉంటుంది కనుక 10 చాలు. తర్వాత ఒక్కోదానికి 5 సెకన్లు పెంచుకుంటూ, ఐదో విడత దాటాక 15–20 సెకన్ల చొప్పున పెంచండి. ప్రతిసారీ చివరి చుక్క దాకా వంచాలి. అడుగున మిగిలిన కాసిని నీళ్లలో ఆకు నానుతూనే ఉండి తర్వాతి విడతను చేదు చేస్తుంది. బాగా చేసిన తేనీరు కూడా ఎందుకు చేదెక్కిందో తెలియదనే వారిలో చాలామంది చేసే తప్పు ఇదే.

వంచాక మూత అడుగు వాసన చూడండి, తర్వాత కప్పు వెచ్చదనాన్ని వేళ్లకు అందనివ్వండి. మూడు గుక్కల్లో తాగండి. మింగాక వెంటనే ఇంకో గుక్కకు పోకుండా ముక్కుతో నెమ్మదిగా గాలి వదలండి. మంచి ఊలాంగ్ అయితే, వగరు తగ్గాక గొంతులో తీపి పుట్టుకొస్తుంది. చైనాలో దాన్ని హుయీగాన్ అంటారు. అది వచ్చేదాకా, లేదా రాదని తేలేదాకా ఆగడమే ఈ సాధనలో నా మటుకు అన్నిటికన్నా విలువైన ఘట్టం. ఎందుకంటే అక్కడ చేతులకు చేసే పనేమీ లేదు. కూర్చోలేనన్నవాళ్లు తమకు తెలియకుండానే కూర్చుంటారు.

ప్రశ్న: టైమర్ వాడకుండా శ్వాసలు లెక్కపెడుతున్నాను. మొదటి విడతలు బాగుంటున్నాయి, మూడు, నాలుగు దగ్గర చేదవుతోంది.

జవాబు: మీ శ్వాస నెమ్మదించింది, అంతే. మొదట్లో ఒక శ్వాసకు నాలుగు సెకన్లు పట్టి ఉంటే, పది నిమిషాలు కూర్చున్నాక ఆరో ఏడో పడుతుంది. మూడు శ్వాసలనుకున్నది 12 సెకన్ల నుంచి 20కి చేరుతుంది. పైగా సరిగ్గా ఆ విడతల్లోనే ఆకు పూర్తిగా విచ్చుకుని బలంగా దిగుతుంది. రెండూ కలిస్తే చేదు. మూడో విడత నుంచి ఒక శ్వాస తగ్గించండి, తర్వాత రంగును బట్టి పోండి. మూత కాస్త జరిపి చూస్తే గిన్నె గోడ పక్కన నీటి రంగు తెలుస్తుంది. ఫోన్‌లో టైమర్ వాడొద్దని నేననను. కానీ ఫోన్ చేతిలోకి వచ్చాక టైమర్ దగ్గరే ఆగడం కష్టం.

ప్రశ్న: గైవాన్ పట్టుకుంటే వేళ్లు కాలుతున్నాయి. ఎరుక మాట అటుంచి, భయమే మిగులుతోంది.

జవాబు: నీళ్లు ఎక్కువ పోస్తున్నారు. మూత కూర్చునే గీతకు దిగువనే ఆపాలి. బయటికి విచ్చుకున్న అంచుదాకా నింపితే అంచు కాలుతుంది. బొటనవేలు, మధ్యవేలు ఎదురెదురుగా అంచు మీదే ఉండాలి, గిన్నె పొట్టను తాకకూడదు. చూపుడువేలు మూత బొడిపె మీద ఉంటుంది. మూతను ఒక పక్కకు జరిపి రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంచండి. సందు మరీ సన్నగా ఉంటే తేనీరు నెమ్మదిగా కారి ఈలోగా ముదురుతుంది, వెడల్పుగా ఉంటే ఆకు జారిపోతుంది. వంచేటప్పుడు భయపడి కొంచెంగా వంచితేనే ఎక్కువ కాలుతుంది. ఆవిరి వేళ్ల వైపు మళ్లుతుంది, పట్టుకునే సమయమూ పెరుగుతుంది. ఒక్కసారిగా నిటారుగా తిప్పేయండి. చేయి కుదిరేదాకా చన్నీళ్లతో సాధన చేయండి. కొనేటప్పుడు అంచు బాగా విచ్చుకున్న గైవాన్ చూసుకోండి.

ప్రశ్న: ఇది ప్రాచీన ధ్యాన సంప్రదాయమేనా? నలుగురు కలిసి చేయవచ్చా?

జవాబు: చాన్ బౌద్ధానికీ (జపాన్ జెన్‌కు మూలమైన చైనా ధ్యాన బౌద్ధం) టీకీ బంధం పాతదే. టాంగ్ కాలపు గురువు జావ్‌జౌ, ఇంతకుముందు తన దగ్గరకు వచ్చినవాడికీ, మునుపెన్నడూ రానివాడికీ ‘వెళ్లి టీ తాగు’ అని ఒకే జవాబిచ్చిన కథ ప్రసిద్ధం. కానీ చావ్‌జౌ ఇళ్లలో గొంగ్‌ఫూ చా అంటే అతిథి మర్యాద, కబుర్లు. చైనా టీ తయారీ నైపుణ్యాలనూ, వాటితో ముడిపడిన సామాజిక ఆచారాలనూ 2022లో యునెస్కో తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడా ఆ ఇచ్చిపుచ్చుకోవడానికే పెద్దపీట. దీన్ని ఆశ్రమాల రహస్య క్రతువుగా అమ్మేవాళ్లను నమ్మకండి.

నలుగురితో చేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి చావ్‌జౌ తీరు. కప్పులు ఒకదానికొకటి తాకేలా పెట్టి, వాటి మీద గుండ్రంగా తిప్పుతూ పోస్తారు. దాన్ని ‘గ్వాన్ గాంగ్ నగర గస్తీ’ అంటారు. ఆఖరి చిక్కని చుక్కలను ఒక్కో కప్పుకు పంచడం ‘హాన్ షిన్ సైనికుల లెక్క’. ఆ ఇద్దరూ ప్రాచీన చైనా సేనానులు. అందరికీ ఒకే చిక్కదనం అందాలన్నదే ఈ పద్ధతి అర్థం, చూపు కప్పుల మీద నుంచి తొలగిందా, తేడా వచ్చేస్తుంది. రెండోది తైవాన్‌లో పుట్టిన వూ-వో టీ. ఎవరి సామాను వాళ్లు తెచ్చుకుని వలయంగా కూర్చుంటారు. చోటు చీటీ తీసి నిర్ణయిస్తారు. తేనీరు తయారవుతున్నంతసేపు మాటలుండవు, చేసినది ఒకే దిశలో పక్కవారికి అందిస్తారు. మౌనం అలవాటు లేని బృందానికి మొదటి మూడు విడతలు మౌనంగా, ఆ తర్వాత మాటలతో అనుకుంటే సులువు.

ప్రశ్న: రాత్రి పని ముగిశాకే నాకు తీరిక. అప్పుడు చేయవచ్చా?

జవాబు: వద్దనే చెబుతాను. ఎండు ఆకు బరువులో సుమారు 2–4 శాతం కెఫీన్ ఉంటుంది. అంటే 5 గ్రాముల్లో 100 నుంచి 200 మిల్లీగ్రాములు. అన్ని విడతలూ తాగితే అందులో చాలామటుకు ఒంట్లోకి వెళ్తుంది. ఐదు సెకన్ల కడుగుడుతో కెఫీన్ పోతుందన్నది అపోహ. పడుకోవడానికి కనీసం ఆరు గంటల ముందే ముగించండి. రాత్రే కుదురుతుందంటే అదే గైవాన్‌లో ఎండు చామంతి పూలు వేసుకోండి, వాటిలో కెఫీన్ లేదు. మెట్లు మార్చనక్కరలేదు, నానే సమయం మాత్రం నిమిషం పైన.

పరగడుపున కూడా మొదలుపెట్టకండి. కొందరికి కడుపులో తిప్పి, తల తేలిపోతుంది. అది ధ్యాన స్థితి అనుకుని ఇంకో విడత తాగేవాళ్లున్నారు. వెంటనే ఆపి ఏదైనా తినాలి. ఐరన్ మాత్రలు వేసుకునేవారు టీకీ, మాత్రకూ మధ్య కనీసం గంట ఎడం ఉంచండి. గర్భిణులు రోజుకు మొత్తం 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదు కాబట్టి 2 గ్రాముల ఆకుతో, ఇంకా చిన్న గైవాన్‌లో, డాక్టరును అడిగి చేయడం మంచిది.