నానోకణమా, సూక్ష్మకణమా?

సందేహం: మధుమేహానికి వాడే మొక్కల మందుల గురించిన ఒక వ్యాసంలో ‘పసుపులోని కర్కుమిన్‌ను నానోకణాల్లో నింపి ఇస్తే అది కణాల్లోకి సులువుగా చేరుతుంది’ అని ఉంది. ఏ కణాలు ఏవో తెలియక తికమకగా ఉంది. మొదటిదాన్ని ‘సూక్ష్మకణం’ అనవచ్చునా?

సమాధానం: అనకపోవడమే మేలు. సూక్ష్మజీవి, సూక్ష్మదర్శిని వంటి మాటలలో ‘సూక్ష్మ’ను ‘మైక్రో’కు ఎప్పుడో కేటాయించుకున్నాం. మైక్రోమీటరులో వెయ్యోవంతు నానోమీటరు. సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణంలో ఉన్నవాటినే నానోకణాలంటారు. గ్రీకులో మరుగుజ్జు అనే అర్థమున్న మాట నుంచి ‘నానో’ పుట్టింది గనుక ‘వామనకణం’ అనాలని ముచ్చటపడేవారుంటే ఉండవచ్చు గాని, అలా అనువదిస్తే ఆ మాటలోని కొలత పోతుంది. అన్యదేశ్యానికి సంస్కృతపదం తగిలిస్తే వైరిసమాసం కాదా అన్న శంకను నేనంతగా పట్టించుకోను.

అసలు చిక్కు ‘కణం’తోనే వచ్చింది. సంస్కృతంలో గింజ, నలుసు అని అర్థమున్న ఈ మాటను భౌతికశాస్త్రం ఆల్ఫాకణం అంటూ పదార్థపు నలుసుకూ, జీవశాస్త్రం కణత్వచం, కణవిభజన అంటూ దేహనిర్మాణంలోని మూలప్రమాణానికీ తీసుకున్నాయి. వేర్వేరు పాఠాలలో ఉన్నన్నాళ్లూ పేచీ లేదు. ఇక్కడ రెండూ ఒకే వాక్యంలో ఎదురుపడ్డాయి. మనిషి ఎర్రరక్తకణం వ్యాసం సుమారు 7,000 నుంచి 8,000 నానోమీటర్లు, అంటే 100 నానోమీటర్ల నలుసులు దాని మీద అడ్డంగా డెబ్బైకి తక్కువ కాకుండా వరుసగా పడతాయి. ఇంత తేడా ఉన్నవాటికి ఒకే పేరు తగదు. రెండోచోట ‘జీవకణాల్లోకి’ అంటే సరిపోతుంది.

నాకు అంతకన్నా ఇబ్బందిగా తోచింది ‘నింపి’ అన్న క్రియ. నింపాలంటే లోపల ఖాళీ ఉండాలి. నానోకణాలలో ఒక రకమైన లైపోజోము, అంటే కొవ్వుపొర గోడతో నడుమ నీరుండే బుడగ, తిత్తి వంటిదే అయినా, కొవ్వులో కరిగే కర్కుమిన్ దాని నడిమి నీటిలో ఇమడదు, కొవ్వుపొర గోడలోనే ఇరుక్కుంటుంది. మరో రకమైన పాలిమరు (గొలుసు అణువుల పదార్థం) నలుసులోనైతే ఆ ముద్దంతటా కలిసి ఉండవచ్చు. రెండింటికీ ‘పొదిగి’ అన్న మాట చక్కగా అతుకుతుంది.

‘సులువుగా చేరుతుంది’ అన్నదీ వదులైన మాటే. కర్కుమిన్ నీటిలో సరిగా కరగదు, కరిగిన కాస్తా పేగు గోడలోను, కాలేయంలోను త్వరగా మార్పుచెందుతుంది. నానోకణం చక్కబెట్టవలసింది ఈ లోపాన్నే. దీనికి ‘జీవలభ్యత’ అనే పారిభాషికపదం ఉన్నా, సామాన్య పాఠకులకు ‘ఒంటబట్టడం’ అన్న మన మాట వెంటనే అందుతుంది. అయితే ఒంటబట్టడం వేరు, రక్తంలో చక్కెర తగ్గడం వేరు. ఈ పరిశోధనలు ఎక్కువగా జంతువుల మీదే జరిగాయి గనుక నిశ్చయార్థకం కూడదు. నేనైతే ఆ వాక్యాన్ని ఇలా రాస్తాను: ‘పసుపులోని కర్కుమిన్‌ను నానోకణాలలో పొదిగి ఇస్తే అది మరింతగా ఒంటబట్టి, జీవకణాలను చేరే అవకాశం ఉంది.’