వంగ మొక్కలు పీకేయకు స్వాతీ

చిరంజీవి స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

మిద్దె మీద వంకాయలన్నీ పుచ్చులే వస్తున్నాయని, మొక్కలు పీకేస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. తొందరపడకు. పొలంలో కష్టం గానీ, కుండీల్లో ఈ పురుగును అదుపు చేయొచ్చు.

దీని తల్లి చిన్న రెక్కల పురుగు. తెల్లటి రెక్కల మీద గోధుమ, లేత గులాబీ మచ్చలు, రెక్కలు చాపితే రెండు సెంటీమీటర్లు. రాత్రిళ్ళు తిరిగి ఆకుల అడుగున, మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు పుట్టగానే లేత కొమ్మలోకో కాయలోకో దూరి, కన్నాన్ని తన మలంతోనే మూసేస్తుంది. గుత్తివంకాయకు కోసినప్పుడు గానీ బయటపడదు. కాయ మీద కనిపించే పెద్ద గుండ్రటి కన్నం అది బయటికి వెళ్ళిపోయిన దారి. అప్పుడు మందు కొడితే ఏం లాభం? లోపలున్నవాటికి తగలదు, మనం తినే కాయకు మాత్రం అంటుతుంది.

నువ్వు చూడాల్సింది కొమ్మల కొనలు. నీళ్ళు చాలకపోతే మొక్కంతా వాడుతుంది. మొక్క నిగనిగలాడుతూ ఒక్క కొన మాత్రం తల వాల్చిందంటే లోపల పురుగున్నట్టే. వాడిన చోటికి రెండంగుళాల కిందికి కత్తిరించు. దాన్ని కుండీలోనో కంపోస్టులోనో పడేయకు, సబ్బునీళ్ళలో ముంచు. పుచ్చు వంకాయలదీ అదే దారి. రోజూ పొద్దున నీళ్ళు పోసేటప్పుడే ఈ పని అయిపోవాలి, ఇది మానేస్తే మిగతావేవీ పనిచేయవు.

లింగాకర్షక బుట్ట ఒకటి కట్టు, అంటే ఆడ పురుగు వాసనుండే ఎరతో మగవాటిని రప్పించి పట్టేది. శనగపచ్చ పురుగు ఎర కాకుండా వంగ పురుగు ఎరే అడిగి తీసుకో. అందులో మగవే పడతాయి, పక్కింటి మిద్దె మీద నుంచి వచ్చే ఆడవాటిని అది ఆపలేదు. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రాలు ఆకుల అడుగు తడిసేలా కొట్టు. గుడ్లు పెట్టడం తగ్గుతుంది.

రాలిన ఆకులు ఏరేయి. ఎదిగిన పురుగు వాటిలోనే గూడు కట్టుకుంటుంది. కాపు అయ్యాక ఆ కుండీల్లో మళ్ళీ వంగ, టమాటా వద్దు, గోరుచిక్కుడు వెయ్యి.

ఏ కొన మీదైనా అనుమానం వస్తే నిలువునా చీల్చి ఫోటో పెట్టు, చూసి చెప్తాను.

మీ పెద్దమ్మ