బ్యాక్‌హ్యాండ్‌కే కొట్టు

చిట్టీ,

బ్యాంకు ఉద్యోగం మానేసి టెన్నిస్ ఆటగాళ్లకు మ్యాచ్ లెక్కలు చూసిపెట్టే పనిలో చేరుతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అక్కడ దాని ఏడుపు, ఇక్కడ నా సంతోషం. అయినా రాత్రి నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్లు పిల్లలకి ఆట నేర్పినవాణ్ణి, ఈ పనిలో ఎక్కడ కాలు జారుతుందో తెలిసినవాణ్ణి.

నీకు తెలిసినవి చెప్పి విసిగించను. ఒక్క మ్యాచ్ చూసి ఏదీ తేల్చకు. మట్టి కోర్టు లెక్కల్ని గడ్డి కోర్టు లెక్కల్లో కలపకు. వేళకి తిను.

మొత్తం పాయింట్లు చూసి మోసపోకు. 2019 వింబుల్డన్ ఫైనల్లో ఫెదరర్‌కి 218, జొకోవిచ్‌కి 204. కప్పు మాత్రం జొకోవిచ్‌దే. సెట్ సమమైనప్పుడు తేల్చే టైబ్రేకులు మూడూ అతనే గెలిచాడు. ఫెదరర్ రెండో సెట్‌ని 6-1తో ఊడ్చేశాడు కానీ, అక్కడ మిగిలిన పాయింట్లని పక్క సెట్‌కి పట్టుకెళ్లడానికి లేదుగా!

2007 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో నాదల్ మీద ఫెదరర్‌కి 17 బ్రేక్ పాయింట్లు, అంటే ఎదుటివాడి సర్వీస్ గేమ్ లాక్కునే అవకాశాలు, వచ్చాయి, ఒక్కటే దక్కింది. టెన్షన్ పడ్డాడన్నారు, నేనూ అన్నాను. తర్వాత కాగితం మీద కోర్టు గీసి చూశాను. బ్రేక్ పాయింట్ వచ్చే స్కోర్లలో 0-40, 30-40, అడ్వాంటేజ్, ఇవన్నీ సర్వీస్ తీసుకునేవాడు తన ఎడమ సగంలో నిలబడి ఆడే పాయింట్లే. ఒక్క 15-40 మాత్రం కుడివైపు. నాదల్‌ది ఎడమ చెయ్యి, ఫెదరర్‌ది కుడి. ఎడమచేతివాడు బంతిని పక్కనుంచి కోసి కొట్టే స్లైస్ సర్వీస్ ఆ ఎడమ సగంలోనే కుడిచేతివాడి బ్యాక్‌హ్యాండ్ నుంచి, అంటే రాకెట్ చేతికి అవతలి వైపు నుంచి, దూరంగా వంకర తిరిగి పోతుంది. ప్రమాదం వచ్చిన చోటే నాదల్ చేతికి మంచి ఆయుధం ఉంది. అదొక్కటే కారణం అనను, కానీ టెన్షన్ అని ఊరుకుంటే ఇది కనబడదు.

ఇక అసలు సంగతి. మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో కంప్యూటర్లు ఎక్కడివి, పొడుగు నోట్‌బుక్కులో గీతలు పెట్టేవాణ్ణి. నా దగ్గర పదహారేళ్ల కుర్రాడొకడు, మంచి చెయ్యి, జూనియర్ టోర్నమెంట్ సెమీఫైనల్ దాకా వచ్చాడు. ఎదుటి అబ్బాయి ఆడిన రెండు మ్యాచ్‌లకి ఎండలో కూర్చుని తప్పులు లెక్కపెట్టాను. బ్యాక్‌హ్యాండ్ తప్పులు 31, ఫోర్‌హ్యాండ్‌వి, అంటే రాకెట్ చేతి వైపువి, 9. ఇంకేం కావాలి? "బ్యాక్‌హ్యాండ్‌కే కొట్టు" అని చీటీ రాసిచ్చాను. మావాడు బుద్ధిగా అలాగే కొట్టి, 2-6, 1-6తో ఓడిపోయాడు.

మర్నాడు ఫైనల్‌కి వెళ్లి ఆ అబ్బాయినే మళ్లీ చూశాను. ఈసారి తప్పులే కాదు, కొట్టిన ప్రతి బంతినీ లెక్కపెట్టాను. బ్యాక్‌హ్యాండ్ పదింటికి ఒకటి పోతోంది. ఫోర్‌హ్యాండ్ నాలుగింటికి ఒకటి! అందరూ నాలాగే బ్యాక్‌హ్యాండ్‌కే కొడుతుంటే తప్పులు అక్కడ పోగుపడక ఎక్కడ పోగుపడతాయి? కొట్టీ కొట్టీ అది రాటుదేలింది. బంతి సరిగ్గా చూడని ఫోర్‌హ్యాండేమో పచ్చిగా ఉండిపోయింది.

బస్సులో వస్తుంటే మావాడు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "మూడో గేమ్‌కే అనిపించింది సార్, వాడికి ఫోర్‌హ్యాండ్ రావట్లేదని. మీరు రాసిచ్చారు కదా అని..." చీటీ ఇంకా వాడి జేబులోనే ఉంది.

లెక్క తప్పినందుకు కాదు నా బాధ. వాడి కళ్లకి కనబడిన నిజాన్ని నా కాగితం కప్పేసింది. నీ గురించి నా భయం కూడా అదే. నువ్వు మొండిదానివి. క్యారమ్స్‌లో ఓడిపోతుంటే బోర్డు ఎత్తేసిన పిల్లవి! రేపు నీ ముందు కూర్చునేవాడు ఎంత పెద్ద ఆటగాడైనా సరే, ముందు వాడికి ఏమనిపించిందో అడుగు. అంతా విన్నాకే నీ లాప్‌టాప్ తెరువు.

మీ అమ్మని నేను చూసుకుంటాలే. అలిగితే రెండు రోజులు, అంతే. నా పాత నోట్‌బుక్కు కొరియర్‌లో పంపిస్తున్నాను. 31 అన్న అంకె పక్కన ఎర్ర సిరాతో "ఎన్నింటిలో?" అని ఉంటుంది. ఆ రాత్రి బస్సు దిగి ఇంటికొచ్చి రాసుకున్నాను.

నీ పెద్ద మామయ్య