లింకులు ఖాళీగా ఉన్నా స్విచ్ సీపీయూ ఎందుకు నిండిపోతుంది?

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ నెట్‌వర్క్ చూసుకునే వారి ప్రశ్న ఇది: లింకుల్లో సగం కూడా ట్రాఫిక్ లేదు, అయినా కోర్ స్విచ్ (మిగతా స్విచ్‌లన్నీ కలిసే ప్రధాన స్విచ్) సీపీయూ 95 శాతం దాటుతోంది, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి స్విచ్‌లోకి లాగిన్ అయ్యే దారి) కూడా కలవట్లేదు.

మామూలు డేటా సీపీయూ దాకా రాదు. కెమెరా వీడియో, బిల్లింగ్ అన్నీ స్విచింగ్ చిప్పే పంపేస్తుంది. స్విచ్‌కే వచ్చే ఏఆర్‌పీ (ఐపీ అడ్రస్ ఏ మెషీన్‌దో అడిగే ప్రశ్నలు), స్పానింగ్ ట్రీ (లూప్‌లు రాకుండా కొన్ని పోర్టులను బ్లాక్ చేసే పద్ధతి), ఓఎస్‌పీఎఫ్ హలోలు (రూటర్లు ఒకదానికొకటి ‘ఉన్నాను’ అని చెప్పుకునే సందేశాలు), ఎస్ఎస్‌హెచ్, టీటీఎల్ (ఎన్ని రూటర్లు దాటొచ్చో చెప్పే లెక్క) అయిపోయిన ప్యాకెట్లు మాత్రం సీపీయూకి వెళ్తాయి. చిప్ సెకనుకు కోట్ల ప్యాకెట్లు దాటిస్తుంది, సీపీయూ వేలకే ఆయాసపడుతుంది. కాటా గదిలో ఎవరో చిన్న అన్‌మేనేజ్డ్ (సెట్టింగ్‌లేవీ లేని) స్విచ్‌లో ఒకే కేబుల్ రెండు కొసలూ గుచ్చారనుకోండి, ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్‌లు ఆ లూప్‌లో గిరగిరా తిరిగి సీపీయూ మీద పడతాయి.

అసలు టెన్షన్ ఇక్కడే: సీపీయూ నిండిపోతే ముఖ్యమైన సందేశాలు కూడా అందవు. స్పానింగ్ ట్రీ సందేశం, అంటే బీపీడీయూ, 2 సెకన్లకోసారి రావాలి. పాత స్పానింగ్ ట్రీ (ఎస్‌టీపీ)లో 20 సెకన్లు అందకపోతే, బ్లాక్‌లో ఉన్న పోర్టు తెరుచుకునే పని మొదలుపెడుతుంది. అంటే లూప్ ఇంకా పెరుగుతుంది. ఈథర్‌నెట్ మీద ఓఎస్‌పీఎఫ్ హలోలు మామూలుగా 40 సెకన్లు రాకపోతే పొరుగు రూటర్ పోయిందనుకుంటుంది.

దీనికి మందు కంట్రోల్ ప్లేన్ పోలీసింగ్. సీపీయూకి వెళ్లేవాటిని తరగతులుగా విడదీసి, ఒక్కోదానికి సెకనుకు ఇన్ని ప్యాకెట్లని హద్దు పెడతారు. మించినవి చిప్ దగ్గరే పోతాయి. బీపీడీయూలను ఏఆర్‌పీతో ఒకే తరగతిలో ఎప్పుడూ కలపకండి. ఏఆర్‌పీ హద్దు మరీ బిగిస్తే, పొద్దున్నే సిస్టమ్‌లన్నీ ఒకేసారి ఆన్ చేసినప్పుడు అసలైనవే పోతాయి. అందుకే ముందు కొన్నాళ్లు డ్రాప్ చేయకుండా లెక్క మాత్రం చూసి, తర్వాత అంకె పెట్టడం నయం.

లూప్‌ను మాత్రం ఇది ఆపదు. దానికి యాక్సెస్ పోర్టుల (సిస్టమ్‌లు తగిలించే పోర్టుల) మీద స్టార్మ్ కంట్రోల్ (బ్రాడ్‌కాస్ట్‌లకు హద్దు), బీపీడీయూ గార్డ్ (బీపీడీయూ వస్తే పోర్టును మూసేది) పెట్టాల్సిందే.