మీ జాబితాల్లో క్రియ ఏదీ?

ప్రశ్న: నా వయసు 41. ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో మావారు, ఇద్దరు పిల్లలు, అత్తగారు, నేను. చేయాల్సిన పనులన్నీ కాగితం మీద రాసుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు. రాసినవాటిలో సగం కూడా కావు. మిగిలినవి మర్నాటి కాగితంలోకి ఎక్కిస్తాను. రాత్రి కళ్లు మూసుకుంటే అవే తిరుగుతుంటాయి, ఒంటిగంట దాటితే గానీ నిద్ర పట్టదు. ‘నీకు లేనిదేముంది? ఉన్నవాటికి కృతజ్ఞతగా ఉండు, రోజూ ఐదు విషయాలు రాయి’ అని స్నేహితురాలు చెప్పింది. పదకొండు రోజులు రాశాను. పన్నెండో రోజు పుస్తకం తెరవగానే ఏడుపొచ్చేసింది. నిజంగానే నాకు ఏ లోటూ లేదు. మరి మనసుకి అలా ఎందుకు అనిపించదు? నేను కృతఘ్నురాలినా? నా పనుల కాగితం, ఆ పుస్తకంలో పేజీలు ఫొటో తీసి పంపుతున్నాను.

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. కాదు. కృతఘ్నులకు ఆ అనుమానమే రాదు. దాని గురించి ఉత్తరం రాసేంత బాధా పడరు. ఆ మాటను ఇక మీ మీద వేసుకోకండి.

ఫొటోలు పెద్దవి చేసుకుని చాలాసేపు చూశాను. పనుల కాగితం చేంతాడంత ఉంది, 26 వరసలు. ‘బీరువా’, ‘బ్యాంకు’, ‘బాబు లెక్కలు’, ‘కుళాయి’, ‘అత్తయ్య మందులు’, ‘అమ్మ - ఫోన్’, ‘ఇల్లు’. పంతొమ్మిదో వరస ‘సంతోషంగా ఉండాలి’. దాని కింద రెండు గీతలు. పైన కరెంటు బిల్లు, కింద పిల్లల బూట్లు, మధ్యలో అది. అక్కడ నా చూపు ఆగిపోయింది. సంతోషాన్ని కూడా బాకీ పనుల్లో రాసుకునే దాకా వచ్చారంటే మీరెంత అలసిపోయారో అర్థమైంది.

రెండోది, కృతజ్ఞత పుస్తకం. అందులో ‘ఆరోగ్యం, పిల్లలు, ఉద్యోగం, ఇల్లు, భర్త’. పదకొండు రోజులూ ఆ ఐదే. ఆరో రోజున మాత్రం వాటి కింద ఇంకో వరస ఉంది: ‘పాప నా కళ్లజోడు తుడిచి దిండు పక్కన పెట్టింది.’ దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన ‘చిన్న విషయం’ అని రాశారు.

చిన్నప్పుడు బడిలో కర్త, కర్మ, క్రియ నేర్చుకున్నాం కదా. మీ రెండు కాగితాలనూ ఆ కళ్లతో ఒకసారి చూడండి. ‘బీరువా’లో క్రియ లేదు. ‘ఇల్లు’లో లేదు. ‘ఆరోగ్యం’లోనూ లేదు. మీరు కొట్టేసిన ఆ ఒక్క వాక్యంలోనే ఎవరు, దేన్ని, ఏం చేశారో మూడూ ఉన్నాయి. నా సలహా అంతా దాని చుట్టూనే ఉంటుంది.

మొదట పనుల సంగతి. మొదలుపెట్టి పూర్తిచేయని పనులు, పూర్తయినవాటికన్నా ఎక్కువగా గుర్తుంటాయని 1927లోనే బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశారు. రాత్రిళ్లు మీ తలలో తిరిగేవి అలాంటివే. అయితే ఆ పని పూర్తయ్యే దాకా ఇది తప్పదనుకోకండి. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో, పని చేయకపోయినా సరే, ఎప్పుడు ఎలా చేయాలో స్పష్టంగా అనుకున్నవాళ్లకు దాని గురించిన ఆలోచనలు అంతగా అడ్డురాలేదు. మనసు అడిగేది ‘దీని సంగతి ఎవరో ఒకరు చూస్తున్నారు’ అన్న భరోసా. ‘బీరువా’ అని రాస్తే ఆ భరోసా ఎక్కడిది? చూసిన ప్రతిసారీ బీరువాను ఏం చేయాలో మళ్లీ మొదటినుంచి ఆలోచించుకోవాల్సిందే. ‘శనివారం పొద్దున బీరువా పై అరలో పొట్టివైపోయిన పిల్లల బట్టలు తీసి సంచిలో కట్టాలి’ అని రాయండి. ఆ వాక్యం రాయడానికి పట్టే అర నిమిషంలోనే పని సగం తేలికవుతుంది. ఇరవై నిమిషాల్లో అయిపోయేంత చిన్నదిగా ఉండాలి. ‘ఇల్లు’ అన్నది ఎన్నటికీ టిక్కు పెట్టలేని వరస, దాన్ని కొట్టేయండి.

రాసే వేళ కూడా మార్చండి. మీరు పొద్దున రాస్తున్నారు. రాత్రి పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు రాయండి. 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో 57 మందిని నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టారు. సగం మందిని రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాయమన్నారు, మిగతావాళ్లను అప్పటికే పూర్తయిన పనులు రాయమన్నారు. చేయాల్సినవి రాసినవాళ్లు సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. వాళ్లలో కూడా ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది. ఒక్క రాత్రి ప్రయోగం, అందరూ ఆరోగ్యంగా ఉన్న కుర్రకారు, కాబట్టి దీన్నే మందు అనుకోవద్దు. కానీ ఖర్చు లేని ప్రయత్నం.

రోజుకు 26 పనులు మాత్రం వద్దు. రేపటి పేజీలోకి ఐదు. మిగిలినవి పుస్తకం వెనక పేజీల్లో ఉంటాయి, ఎక్కడికీ పోవు. మూడుసార్లు వాయిదా పడ్డ పనిని నాలుగోసారి ఎక్కించే ముందు ఆగండి. దాన్ని చిన్నది చేయాలా, ఇంకొకరికి అప్పగించాలా, అసలు వదిలేయాలా అని తేల్చుకోండి. వదిలేయడం కూడా ఒక నిర్ణయమే, అపరాధం కాదు. నా దగ్గరకొచ్చే చాలామంది ఆడవాళ్లకు ఈ మాట రెండుమూడు సార్లు చెప్పాల్సి వస్తుంది.

ఇక కృతజ్ఞత పుస్తకం. కృతజ్ఞత అన్న మాటను విడదీసి చూడండి. కృతం అంటే చేసినది. కృతజ్ఞత అంటే ఆ చేసినదాన్ని ఎరిగి ఉండటం. అంటే అక్కడ ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసి ఉండాలి, దాన్ని మీరు చూసి ఉండాలి. ‘ఆరోగ్యం, ఉద్యోగం, ఇల్లు’ అని రాస్తే అది ఆస్తిపాస్తుల పద్దు అవుతుంది. పద్దు చూస్తే ఎవరికీ మనసు కరగదు. పైగా ‘ఇన్ని ఉండి ఏడుస్తున్నావా’ అని అదే మిమ్మల్ని నిలదీస్తుంది. పన్నెండో రోజున మీకు ఏడుపు తెప్పించింది ఆ నిలదీతే.

రోజూ రాయాలన్న నియమం కూడా మీకు చేటు చేసింది. రోజూ రాస్తే త్వరగానే మొక్కుబడి అయిపోతుంది. ఎమ్మన్స్, మెకల్లో అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనాల్లో, మొదటిదానిలో పాల్గొన్నవాళ్లు వారానికి ఒక్కసారి, ఐదుకు మించకుండా, పది వారాలు రాశారు. చికాకులు రాసుకున్నవాళ్లకన్నా వాళ్లు తమ జీవితం గురించి తృప్తిగా ఉన్నట్టు తేలింది. సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం చూసినప్పుడు కూడా వారానికి ఒకసారి రాసినవాళ్లలోనే సంతోషం పెరిగింది, మూడుసార్లు రాసినవాళ్లలో కాదు. కాబట్టి మీరు వారానికి ఒక రోజు ఎంచుకోండి. మూడు వాక్యాలు చాలు. ప్రతి వాక్యంలో ఒక మనిషి, ఆ మనిషి చేసిన పని ఉండాలి. కళ్లజోడు వాక్యం మీది కొట్టివేతను చెరిపేసి, కొత్త పేజీలో మొదటి వరసగా మళ్లీ రాయండి. వీలైతే ఇంకాస్త వివరంగా. పాప దేంతో తుడిచింది? తన గౌను అంచుతోనా? మీరు నిద్రపోయారనుకుందా? మీ చిన్న విషయాలన్నీ ఇంత పెద్దవే.

మూడోది చెప్పడానికి కొంచెం కష్టంగా ఉంది, అయినా చెప్పాలి. మీ పనుల కాగితంలోని 26 వరసలకూ కనిపించని కర్త ఒక్కరే, మీరు. ఆ ఇంటికి కర్త, కర్మ, క్రియ అన్నీ మీరే అయిపోయారు. అలాంటప్పుడు ‘ఉన్నవాటికి కృతజ్ఞతగా ఉండు’ అన్న సలహా, ఎంత ప్రేమతో చెప్పినా, బరువు మోస్తున్న మనిషి నోరు నొక్కినట్టవుతుంది. కృతజ్ఞత ఉన్నంత మాత్రాన ఇబ్బంది చెప్పకూడదని లేదు. రెండూ ఒకే మనసులో ఉంటాయి.

ఒక ఆదివారం మీవారిని కూర్చోబెట్టి ఆ కాగితం ఆయన ముందు పెట్టండి. సణుగుడులా కాకుండా, లెక్క అప్పగించినట్టు. ‘ఇవన్నీ నా తలలో ఉన్నాయండీ. వీటిలో ఆరు మీరు పూర్తిగా తీసుకోండి’ అనండి. పూర్తిగా అన్న మాట ముఖ్యం. అత్తయ్య మందుల పని తీసుకుంటే అవి ఎప్పుడు అయిపోతాయో కనిపెట్టి ఉండటం, తేవడం, వేళకు ఇవ్వడం అన్నీ ఆయనవే. ‘నువ్వు గుర్తుచెయ్యి, తెస్తాను’ అంటే సగం బరువు మీ దగ్గరే ఉండిపోయింది. మొదటి నెలలో ఆయన ఒకటి రెండు మరిచిపోవచ్చు. మీరు చేసేయకండి, అది మీకు ఎంత కష్టమో తెలుసు. పిల్లల వయసు మీరు రాయలేదు, కానీ కళ్లజోడు తుడిచిపెట్టే పిల్ల తన బూట్ల సంగతి తను చూసుకోగలదు.

ఇవన్నీ చేశాక కూడా రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, ఇదివరకు ఇష్టమైనవేవీ ఇష్టంగా అనిపించకపోయినా, బతుకు మీదే విసుగు పుట్టినా కాగితాలు పక్కనపెట్టి డాక్టర్ని కలవండి. విసుగు మరీ ఎక్కువైతే రెండు వారాలు ఆగక్కర్లేదు, ఆ రోజే వెళ్లండి. కుంగుబాటుకు జాబితా వైద్యం కాదు.

పంతొమ్మిదో వరసను కొట్టేయండి. ‘అమ్మ - ఫోన్’ మాత్రం రేపటి పేజీలోకి ఎక్కించకండి. ఎన్నాళ్లనుంచి ఎక్కిస్తున్నారో, ఆ అక్షరాల మీద పెన్ను మళ్లీ మళ్లీ దిద్ది సిరా చిక్కబడి ఉంది. ఇది చదవడం కాగానే చేసేయండి. ఏం మాట్లాడాలో తోచకపోతే కళ్లజోడు సంగతి చెప్పండి.