ఎముకలు గుల్లబారినవారికి ఆహారంలోని కాల్షియం సరిపోతుందా?

చాలామందికి సరిపోతుంది, 50 ఏళ్లు దాటిన స్త్రీలకు రోజుకు సుమారు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, అది ఆహారంలోనే అందితే సాధారణంగా మాత్రల అవసరం ఉండదు. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు శరీరం ఆ లోటును ఎముకల నుంచే తీసుకుంటుంది కాబట్టి రోజూ అందాలి.

అయితే తిన్నదంతా ఒంటికి పట్టదు, అసలు చిక్కు ఇక్కడే. పాలలోని కాల్షియంలో దాదాపు మూడో వంతును పేగులు గ్రహిస్తాయి. పాలకూరలో కాల్షియం బాగానే ఉన్నా ఆ ఆకులో సహజంగా ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టి ఉంచడం వల్ల 5 శాతం మాత్రమే అందుతుంది. విటమిన్ డి తక్కువైతే పాలలోనిదీ సరిగా అందదు.

కాల్షియం ఒక్కటే పెంచితే జబ్బు నయమవుతుందనుకోవడం పొరపాటు. అది డాక్టరు ఇచ్చిన మందుకు తోడు మాత్రమే. దాన్ని నమ్ముకుని దయచేసి మందు ఆపకండి.