ఏజెడ్-140 ల్యాబ్: లాగిన్ అవుతోంది, ప్రొఫైల్ షేర్ మాత్రం ఖాళీ

ఏజెడ్-140 అంటే మైక్రోసాఫ్ట్ అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్ సర్టిఫికేషన్ పరీక్ష. దాని ల్యాబ్‌లో యూజర్ లాగిన్ అవుతున్నా అజూర్ ఫైల్స్ షేర్‌లో (ప్రొఫైళ్లు దాచే క్లౌడ్ ఫోల్డర్) వీహెచ్‌డీ (యూజర్ ప్రొఫైల్ ఉండే వర్చువల్ డిస్క్ ఫైల్) కనిపించడం లేదని మీరు అడిగారు. అది చాలావరకు పర్మిషన్ల గొడవే. షేర్ మీద రోల్ ఇచ్చానని కూడా రాశారు. గేటు తాళం తీసి గది తాళం వదిలేసినట్టు, అది సగం పనే.

1. షేర్ మీద యూజర్ల గ్రూపుకు స్టోరేజ్ ఫైల్ డేటా ఎస్ఎంబీ షేర్ కంట్రిబ్యూటర్ రోల్. ఇది అయింది.

2. అందరూ మర్చిపోయేది ఎన్‌టీఎఫ్ఎస్ పర్మిషన్లు (ఫోల్డర్లు, ఫైళ్ల స్థాయిలో ఇచ్చే విండోస్ అనుమతులు). షేర్‌ను స్టోరేజ్ కీతో మౌంట్ చేయండి. ఐక్యాక్ల్స్ అనే విండోస్ కమాండ్‌తో యూజర్లకు ఆ ఫోల్డర్ వరకే మాడిఫై (మార్చే అనుమతి) ఇవ్వండి. క్రియేటర్ ఓనర్‌కు (ఫోల్డర్ సృష్టించిన యూజర్‌కు) మాత్రం సబ్‌ఫోల్డర్లు, ఫైళ్ల మీద మాడిఫై. ఇది తారుమారైతే ఒకరి ప్రొఫైల్ ఇంకొకరు తెరవగలరు.

3. సెషన్ హోస్ట్ (యూజర్ లాగిన్ అయ్యే వర్చువల్ మెషీన్) రిజిస్ట్రీలో ఎఫ్ఎస్‌లాజిక్స్ (ప్రొఫైల్‌ను వీహెచ్‌డీలో పెట్టే మైక్రోసాఫ్ట్ టూల్), ప్రొఫైల్స్ కింద ఎనేబుల్డ్ 1 ఉందా, వీహెచ్‌డీలొకేషన్స్‌లో షేర్ పాత్ సరిగ్గా ఉందా చూడండి.

4. ఆ యూజర్‌కు పాత లోకల్ ప్రొఫైల్ ఉంటే కంటైనర్ (అంటే ఆ వీహెచ్‌డీ) తగులుకోదు. దాన్ని తీసేయండి.

తర్వాత పూర్తిగా సైన్ అవుట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి, ఉత్త డిస్‌కనెక్ట్ చాలదు. పాస్ మార్కు 700, దాని టెన్షన్‌తో డంప్స్ (బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు) బట్టీపట్టే కంటే ఈ ల్యాబ్ ఇంకోసారి మొదట్నుంచి కట్టండి.